తవ్వక ముందే పూడ్చే లెక్క తేలాలి

సంపాదకులు గారికి నమస్కారం.

తిరుపతి చుట్టుపక్కల రోడ్ల పనులు, లేఅవుట్లు జోరుగా సాగుతున్నాయి. వాటికి గ్రావెల్ కావాలి, అది మన గుట్టల్లోంచే రావాలి. తవ్వకమే వద్దనే వాళ్లలో నేను లేను. రేణిగుంట–నాయుడుపేట హైవే మీద నేనూ హాయిగానే పోతుంటాను. నా పేచీ అంతా ఆఖరి టిప్పర్ వెళ్లిపోయాక మిగిలే గుంతతోనే.

మా ఊరి దగ్గర అలాంటిది ఒకటుంది. చుట్టూ నిట్టనిలువుగా కోసేశారు. పైన జానెడు నల్లమట్టి, దాంట్లోంచి గాల్లోకి వేలాడుతున్న తంగేడు వేర్లు, కిందంతా ఎర్ర గ్రావెల్. మధ్యలో ఒక కరెంటు స్తంభం ఉంది. చుట్టూ తవ్వేసి దాని కింద మాత్రం మట్టి దిబ్బ వదిలారు. స్తంభం కూలితే కేసవుతుందని తెలుసు గానీ, మనిషి పడితే ఏమవుతుందో ఆలోచించినట్టు లేదు. కంచె లేదు, బోర్డు కూడా లేదు.

అడిగితే 'నీళ్లు నిలుస్తాయి కదా, ఊరికి ఇంకో చెరువు వచ్చినట్టే' అంటారు. చెరువుకు కట్ట, తూము, మొరవ ఉంటాయి, పశువులు దిగడానికి వాలు ఉంటుంది. ఈ గుంతలోకి జారిన గొర్రె మళ్లీ పైకి రాలేదు. వంకకు అడ్డంగా తవ్వితే నీళ్లు అక్కడే ఆగిపోయి, కిందున్న అసలు చెరువుకు చేరవు. కట్టల దగ్గర తవ్వితే మరీ ప్రమాదం. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకైనప్పుడు కింది ఊళ్ల జనం పడిన టెన్షన్ చూసిన వాళ్లెవరూ చెరువు కట్ట పక్కన పొక్లెయిన్ కనపడితే ఊరుకోరు.

రూల్స్ లేక కాదు. గ్రావెల్, మొరం లాంటి మెత్తటి నేలలో గని అంచులు 45 డిగ్రీలకు మించని వాలుతో ఉండాలి, లేదా 1.5 మీటర్ల ఎత్తు మించని మెట్లుగా కోయాలి. ఇది 1961 నాటి గనుల రెగ్యులేషన్లలోనే ఉంది. మెలిక ఏమిటంటే, లోతు 6 మీటర్లు దాటకుండా, 50 మందికి మించకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా తవ్వితే గనుల భద్రత చట్టంలోని చాలా సెక్షన్లు వర్తించవు. మరి మా ఊరి గుంతలో టేపు పెట్టి కొలిచిందెవరు? 5 హెక్టార్ల లోపు లీజుకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. రోడ్ల కోసం తీసే మట్టికి కేంద్రం 2020లో ఇచ్చిన మినహాయింపును అదే కోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. తవ్వకం ముగిశాక ఆ నేలలో మళ్లీ గడ్డి మొలిపించాలన్న ఆదేశమూ 2020 జనవరిలో ఆ కోర్టు ఇచ్చిందే. మా గుంత అంచున మొలిచింది సర్కారు తుమ్మ ఒక్కటే, అదీ దానంతట అదే.

పూడ్చడం కష్టమేమీ కాదు, కాకపోతే ముందే అనుకోవాలి. పైమట్టిని మొదటి రోజే విడిగా తీసి పక్కన పోయాలి, ఎందుకంటే విత్తనం పట్టేది దాంట్లోనే. తవ్వుకుంటూ పోయే కొద్దీ వెనక భాగాన్ని వాలు చేసి, ఆ మట్టి పరిచి, కానుగ, సీతాఫలం నాటాలి. పొక్లెయిన్ అక్కడ ఉండగా చేస్తే అయ్యేది కాస్త ఎక్కువ డీజిలే. వెళ్లిపోయాక దాన్ని వెనక్కి తెప్పించే మొనగాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. అందుకే డిపాజిట్ ముందే కట్టించుకోవాలి. పెద్ద గనుల దగ్గర మూసివేతకు ముందే హామీ తీసుకుంటున్నప్పుడు గ్రావెల్‌కు ఎందుకు తీసుకోకూడదు? గ్రామసభ వాళ్లు చూసి సరేనన్నాకే ఆ డబ్బు తిరిగివ్వాలి. పూడ్చే పేరుతో టౌన్ చెత్త తెచ్చి పోయడం మాత్రం వద్దు, కింద మా బోర్లు ఉన్నాయి.

జిల్లాలో గ్రావెల్ లాంటివి ఎక్కడెక్కడ తవ్వొచ్చో చెప్పే జిల్లా సర్వే నివేదిక ముసాయిదాను 21 రోజులు కలెక్టరేట్‌లోనూ జిల్లా వెబ్‌సైట్‌లోనూ ఉంచాలని కేంద్ర పర్యావరణ శాఖ 2016 నోటిఫికేషన్ చెబుతోంది. దాన్ని సర్వే నంబర్లతో సహా తెలుగులో గ్రామ సచివాలయం గోడకు అంటిస్తే మాలాంటి వాళ్లు చదువుకుంటారు. ఎవరూ దిక్కులేని పాత గుంతలకు, గనుల లీజుదారులు కట్టే సొమ్ముతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి నుంచి ఖర్చు పెట్టొచ్చు. అక్టోబరు వానలు మొదలయ్యేలోగా కనీసం వాటికి కంచె వేయించి, అంచులు వాలు చేయించమని మీ పత్రిక ద్వారా కలెక్టర్ గారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు, చంద్రగిరి ప్రాంతం, తిరుపతి జిల్లా