టైర్లు పిడుగును ఆపవు

సంపాదకులకు నమస్కారం.

పిడుగుల హెచ్చరిక వచ్చిన రోజుల్లో చెట్ల కింద నిలబడొద్దని, ఆరుబయట ఉండొద్దని పత్రికలు రాస్తాయి. ఆపి ఉంచిన కారవాన్ల (లోపలే బస చేసే బండ్ల) గురించి కూడా అక్కడ రెండు మాటలు చేర్చాలని నా కోరిక.

నేను కారవాన్లకు, మోటార్ హోమ్‌లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌ని. "రబ్బరు టైర్లున్నాయి కదా, మాకేమవుతుంది?" అన్న మాట వినని నెల లేదు. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని దిగే పిడుగుకు జానెడు రబ్బరు ఒక లెక్కా? అందులో పారే కరెంటు మామూలుగానే 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. లోపలి మనిషిని కాపాడేది బండి లోహపు బాడీ. చుట్టూ లోహం ఉంటే విద్యుదావేశం బయటి వైపే ఉండిపోతుందని మైఖేల్ ఫారడే 1836లోనే లోహపు గది కట్టి చూపించాడు. ఫైబర్‌గ్లాస్ బండి ఆ రక్షణ ఇస్తుందని నమ్మలేం. ఉరుములు దగ్గరపడేలోగా దిగి పక్కా భవనంలోకో, లోహపు టాపున్న కారులోకో వెళ్లాలి.

పిడుగు నేరుగా బండి మీదే పడడం అరుదు. ఎక్కడో లైను మీద పడి, బండికి కరెంటు తెచ్చే కేబుల్ వెంట లోపలికి వచ్చే వోల్టేజి పోటు, అంటే సర్జ్‌తోనే భయం. ఫ్రిజ్ బోర్డు, ఛార్జర్, ఇన్వర్టర్ క్షణంలో మాడిపోతాయి. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) దించితే చాలనుకుంటారు గానీ, దించినా అందులో ఉండే ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే, సర్జ్ దాన్ని దూకేయగలదు. సర్జ్ ప్రొటెక్టర్ తప్పకుండా పెట్టించుకోండి. కానీ అది సర్జ్ తగిలినప్పుడల్లా కాస్త కాస్తగా అరిగిపోతుంది, నేరుగా పడ్డ పిడుగును అసలే ఆపలేదు. కేబుల్‌ను రెండు వైపులా పీకి దూరంగా పెట్టడమే నమ్మదగిన పని. యాంటెన్నా తీగ కూడా పీకాలి. ఇదంతా మబ్బు పట్టగానే చేయాలి. ఉరుము వినబడ్డాక వాటిని ముట్టుకోవద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

పిడుగు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎర్త్ లేని ప్లగ్ పాయింటు. లోపల ఎక్కడో ఫేజు తీగ బాడీకి తగిలిందంటే, కింద టైర్లున్నాయి కాబట్టి ఆ కరెంటుకు నేలలోకి దారి దొరకదు. బండి మొత్తం లైవ్ అయి కూర్చుంటుంది. తడి నేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్న పిల్లాడే అప్పుడు దారి అవుతాడు. కొందరు బండి పక్కన ఇనుప కడ్డీ పాతేసి ఎర్త్ అయిపోయిందంటారు. ఆ కడ్డీకి మట్టిలో 25 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి, 230 వోల్టుల దగ్గర పారేది 9 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోదు. నేలలోకి కరెంటు కారితే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటేనే ప్రాణానికి రక్ష. దాని టెస్ట్ బటన్ నొక్కి చూడడం మంచిదే గానీ, ఎర్త్ ఉందో లేదో ఆ బటన్ చెప్పదు. ప్లగ్ పెట్టే ముందు సాకెట్ టెస్టర్‌తో చూసుకోవాలి.

"ఉరుములు రాకముందే బండి కేబుల్ పీకండి" అన్న ఒక్క వాక్యం మీ హెచ్చరికల్లో వేయండి. బండ్లు నిలిపే చోట్ల ప్రతి ప్లగ్ పాయింటుకూ ఆర్‌సీసీబీ పెట్టి, ఎర్త్‌ను ఏటా పరీక్ష చేయించమని నిర్వాహకులను మీ పత్రిక గట్టిగా అడగాలి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్