రవిగాడికి, తణుకు నుంచి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, పర్లేదు. ఇక్కడ అందరూ కులాసా. నాన్న మోకాలు కాస్త నయం, చెల్లి సంబంధం దాదాపు కుదిరింది, నాది అదే ఉద్యోగం, అదే మేనేజరు. క్షేమసమాచారం అయిపోయింది. అసలు సంగతి ఎవరికీ చెప్పక కడుపుబ్బి చస్తున్నా.

బాబాయి కోళ్లఫారం తెలుసుగా, నువ్వు లుంగీ జారిపోతుంటే పరిగెత్తిన చారిత్రక స్థలం. (మీ ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెప్పగలనని మాత్రం గుర్తుంచుకో.) మొన్న ఆదివారం వెళ్లేసరికి అక్కడ కోడిపిల్లలకి డీబీకింగ్, అంటే ముక్కు కొస కత్తిరించడం, జరుగుతోంది. చిన్నప్పటి నుంచీ ఆ ఫారానికి వెళ్తున్నా గానీ ఇది పక్కన నిలబడి చూడటం ఇదే మొదలు. ఒక చిన్న మెషిను, దానికి ఎర్రగా కాలే బ్లేడు. పదిరోజుల పిల్లని గుప్పిట్లో పట్టుకుని, బొటనవేలు తల వెనక ఆనించి, ముక్కు కొసని బ్లేడుకి పెడతారు. తెగిన చోటే కాలి రక్తం ఆగిపోతుంది. గోరు కాలిన వాసన రా, ఇంటికొచ్చి స్నానం చేసినా చొక్కాని వదల్లేదు. పిల్ల కాళ్లు ఒక్కసారి బిగుసుకుంటాయి, ట్రేలో వేశాక తల విదిలిస్తూ ఉంటుంది. ఆ తర్వాత రక్తం కారకుండా నీళ్లలో విటమిన్ కె కలుపుతారు, పచ్చిముక్కు తొట్టి అడుగుకి తగలకుండా దాణా మందంగా పోస్తారు. అంటే దానికి నొప్పి ఉంటుందని అందరికీ తెలుసన్నమాట. ఇదంతా ఎందుకంటే, రేపు ఏ4 కాగితమంత జాగా కూడా దక్కని బోనుల్లో అవి ఒకదాన్నొకటి పొడిచి చంపుకోకుండా.

నా మొహం చూసి బాబాయి కూతురు చిన్ని (గుర్తుందా, నిన్ను ‘సాంబారన్నయ్య’ అనేది, ఇప్పుడు బయోటెక్ చదువుతోంది) నెమ్మదిగా అంది: “అన్నయ్యా, నొప్పే తెలియని కోడిని పుట్టిస్తే?”

వేళాకోళం అనుకున్నా. కాదట. 2009లోనే ఆడమ్ శ్రైవర్ అనే తత్వశాస్త్రం ఆయన దీని మీద వ్యాసం రాశాడట. నొప్పిలో రెండు పాళ్లుంటాయి: ఎక్కడ తగిలిందో తెలియడం ఒకటి, దానికి అల్లాడిపోవడం ఇంకొకటి. మార్ఫిన్ ఎక్కించిన రోగులు కొందరు నొప్పి ఉంది గానీ బాధగా లేదు అంటారు కదా, అలా. కొన్ని జన్యువులు తీసేసిన ఎలుకలు వేడి తగిలితే కాలు వెనక్కి లాక్కుంటాయి గానీ ఆ తర్వాత బాధపడుతున్న జాడ పెద్దగా ఉండదట. మనుషులు మాంసం ఎలాగూ మానరు, కాబట్టి ఫారాల్లో పెంచే వాటినైనా ఇలా మారిస్తే నయం అని ఆయన వాదన. వినగానే నాకు సబబుగానే అనిపించింది, అబద్ధమెందుకు.

అప్పటిదాకా బీడీ ముట్టించుకుంటూ కూర్చున్న బాబాయి అన్నాడు: “మరి దానికి జబ్బు చేస్తే నాకెలా తెలుస్తుందే?”

ఆయన రోజూ పొద్దున్నే షెడ్డులో ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తాడు. ఏది మెడ వాల్చింది, ఏది దాణా ముట్టలేదు, ఏ వరసలో చప్పుడు తగ్గింది, అవే ఆయనకి రిపోర్టులు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గర్లోనే వేల్పూరులో, కానూరులో బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు ఆయన నెలరోజులు సరిగ్గా నిద్రపోలేదు, కోడి కళ్లు మూస్తే ఈయన కళ్లు తెరిచేవాడు. నాకు వెంటనే ఆ పాకిస్తాన్ కుర్రాడు గుర్తొచ్చాడు. పుట్టుకతో నొప్పి తెలియదు, వీధుల్లో చేతుల్లోకి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి చూపించేవాడు, పద్నాలుగేళ్లు నిండకుండానే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. అతని బంధువుల్లో లోపం ఏ జన్యువులో ఉందో 2006లో బయటపడింది. చిన్ని ఒప్పుకోలేదు. “తెలియడం ఉంటుంది, బాధే ఉండదు అంటున్నారు కదా నాన్నా.”

“బాధ లేకపోతే అది మెడెందుకు వాలుస్తుంది?” అని, ఓ దమ్ము లాగి, మామూలుగా అన్నాడు, “అయినా అలాంటి కోడొస్తే గూటికి ఇంకోటి ఎక్కువేస్తాం.”

రవీ, ఆ మాటలో సిగ్గూ లేదు, క్రూరత్వమూ లేదు. గుడ్డు రేటు, మొక్కజొన్న రేటు మాట్లాడినట్టే మాట్లాడాడు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అది నిజం, ఆయన వేయకపోయినా పక్క ఫారం వాడు వేస్తాడు. ఇప్పుడు బోను ఇంతకంటే ఇరుకు కాకుండా ఆపుతున్నది ఆ కోడి అల్లాడటమే. అదీ పీకేస్తే? పాల్ థాంప్సన్ అని ఇంకో ఆయన ‘గుడ్డి కోళ్ల’ చిక్కు అని రాశాడు, కళ్లులేని కోళ్లు ఇరుకులో తక్కువ కలతపడతాయి కాబట్టి గుడ్డివాటినే పెంచుదామా అని. నాకు సమాధానం తెలుసు గానీ ఎందుకు తప్పో నోటికి రావడం లేదు, నువ్వైతే ఏదో ఒకటి... సరే వదిలెయ్.

దీనికంటే ఆ ల్యాబ్ మాంసమే మేలు అన్నా. జంతువే లేకుండా కణాలు పెంచడం. దాంట్లో మన బెజవాడ మనిషి ఉన్నాడు తెలుసా, ఉమా వలేటి, గుండె డాక్టరు, అమెరికాలో అప్‌సైడ్ ఫుడ్స్ పెట్టాడు, 2023లో వాళ్ల చికెన్ అమ్ముకోవడానికి అక్కడ అనుమతి వచ్చింది. చిన్నప్పుడు ఒక పుట్టినరోజు విందులో ఇంటి ముందు పాటలు, పెరట్లో కోతలు చూసి మనసు విరిగిందట. మన హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థకి, మాంసం పరిశోధన కేంద్రానికి కూడా 2019లో దీనికోసం కేంద్రం డబ్బిచ్చింది. అయితే అక్కడా మెలిక ఉంది. మొదట్లో ఆ కణాలు పెరగడానికి పోసింది కోతకెళ్లిన ఆవు కడుపులోని దూడ రక్తంలోంచి తీసిన సీరం! ఇప్పుడు అది లేకుండా చేస్తున్నారు, అయినా 2013లో లండన్‌లో వండి చూపించిన, 2,50,000 యూరోలు ఖర్చైన ల్యాబ్ మాంసం బర్గర్ కథ వినిపిస్తే బాబాయి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

అమ్మ ప్రశ్న వేరు. “కార్తీకమాసంలో అది నీచు కిందకొస్తుందా రాదా? గిన్నెలు వేరే పెట్టాలా?” చెప్పరా, ఏం చెప్పను.

నావరకు నేను ఆ మాంసం వైపే. కానీ అది చవకై ఊరూరా వచ్చిన రోజున బాబాయి, ఆ ముక్కులు కోసే కుర్రాళ్లు... చిన్ని దీనికి జవాబివ్వలేదు, నేను అడగనూలేదు. ఇంకా రాయాల్సింది బోలెడుంది, ముఖ్యంగా చెల్లి పెళ్లికొడుకు నిన్ను ఎరుగునట, ఎలా ఎరుగునో వింటే చస్తావ్, కానీ కింద గుడ్ల లారీ వచ్చింది, ట్రేలు లెక్కపెట్టడానికి రమ్మని అరుస్తున్నారు, ఉంటా.

నీ
సత్తి