డాక్టర్ బాబు మీద ఎందుకంత జాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా అత్తగారు ‘కార్తీక దీపం’ సీరియల్‌ను ఫోనులో మళ్లీ మొదటి నుంచి చూస్తున్నారు. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన కథ అది. ఆ రోజుల్లో రాత్రి ఏడున్నరకు మా ఇంట్లో కుక్కరు కూత కూడా వినపడకూడదు. ఇప్పుడు ఫోను వంటింట్లోకే వచ్చింది, పప్పుడబ్బాకు ఆనించి చూస్తుంటారు. మొన్న అలాగే చూస్తూ “పాపం డాక్టర్ బాబు, ఎంత నలిగిపోతున్నాడో” అన్నారు. నా గొడవ ఆ ‘పాపం’తోనే.

డాక్టర్ బాబు, అంటే కథానాయకుడు కార్తీక్‌కు పిల్లలు పుట్టరని స్నేహితురాలు మోనిత ఒక దొంగ రిపోర్టు సృష్టిస్తుంది. తర్వాత భార్య దీప గర్భవతి అవుతుంది. ఇంకేముంది, ఆమె తప్పు చేసిందని ఆయన తేల్చేస్తాడు. వేరే రోగి ఎవరైనా అలాంటి రిపోర్టు తెస్తే, ఇంకో ల్యాబులో చూపించమని ఈయనే చెప్పి ఉండేవాడు. డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించడంటూ జనం ఏళ్ల తరబడి జోకులు వేసుకున్నారు. నేనూ నవ్వాను. రచయితలకు తట్టలేదని నవ్వామే కానీ, అది ఆ మగవాడి స్వభావమని మనలో ఎవరికీ తట్టలేదు. తన మాటే తీర్పు అనుకునేవాడికి రెండో రిపోర్టు దేనికి? దీప మాత్రం వంటలక్కగా బతుకుతూ బిడ్డను పెంచుకుంది. కవలల్లో రెండో పాప ఈయన దగ్గరే పెరిగింది, కన్నకూతురని ఈయనకు తెలియకుండానే.

(దీప నలుపును అత్త ఈసడించడం తప్పని మొదట్లో చూపించింది కూడా ఈ సీరియలే, కాదనను. ఆ నలుపు నటికి పూసిన రంగు అన్నది వేరే కథ.)

కొన్నేళ్లకు మోనిత వచ్చి, తన కడుపులో బిడ్డ కార్తీక్‌దే అంటుంది. అనుమానించే వంతు ఇప్పుడు దీపది. డాక్టర్ బాబు ఆమెను ఏమడుగుతాడు? తనను నమ్మమంటాడు! దీప కోప్పడుతుంది, ఏడుస్తుంది, చివరికి నమ్ముతుంది. హత్య కేసులో ఆయన జైలు పాలైతే నిజం బయటపెట్టడానికి తిరిగింది కూడా ఆమే. ఆయన అనుమానానికి విషాద సంగీతం, తడి కళ్లు, ఏళ్లకు ఏళ్ల ఎపిసోడ్లు. “మరి పాపం దీప అనరేం?” అని అత్తగారిని అడిగాను. ఫోను మీద నుంచి చూపు తిప్పకుండానే “దానికి అలవాటేగా” అన్నారు.

మా కింది వాటాలో ఒక జంట అద్దెకుంటున్నారు. భర్త సాయంత్రం వస్తూనే, చెప్పులు విడవకముందే, ఆ అమ్మాయి ఫోను అడిగి తీసుకుంటాడు. ఒకరోజు ఆమె ఆయన ఫోను ముట్టుకుంది. దాని మీద పెద్దమనుషుల పంచాయితీ! “ప్రేమ ఉన్నచోటే అనుమానం ఉంటుందమ్మా, డాక్టర్ బాబును చూడలేదా” అన్నారొక పెద్దావిడ. భర్త భార్యకు యజమాని కాదని 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్ కొట్టేస్తూ చెప్పిందని నేనన్నాను. “మన ఇళ్లలో సంగతులకు కోర్టులెందుకు” అన్నారు. డాక్టర్ బాబు సాక్ష్యం చెల్లింది, సుప్రీంకోర్టుది చెల్లలేదు. సీరియళ్లు చూసి ఎవరూ చెడిపోరనే వారితో నాకు పేచీ లేదు. ఆ భర్తకు ఆ బుద్ధి ముందే ఉంది. దాన్ని ప్రేమ అని పిలవడానికి ఆ పెద్దావిడకు ఒక అందగాడి ముఖం దొరికింది, అంతే.

సీరియల్‌ను ఆపేయమని నేను కోరడం లేదు. 2024 మార్చిలో అదే జంటతో రెండో భాగం కూడా మొదలైంది. నేను అడిగేది మీ పత్రికను. రెండున్నర గంటల సినిమా వస్తే ఎవరి పాత్ర ఎక్కడ తేలిపోయిందో మర్నాటికల్లా రాస్తారు. అయిదేళ్లు ప్రతి ఇంటి నట్టింట్లో నడిచిన కథకు ఒక్క సమీక్ష రాయరెందుకు? ఆడవాళ్ల కాలక్షేపమనేనా? రాసేవారు దొరక్కపోతే మా అత్తగారిని పంపుతాను, మొదటి భాగాన్నే రెండోసారి చూస్తున్న మనిషి. ఆవిడ ఇచ్చే మార్కులు నాకు నచ్చకపోవచ్చు, అది మేమూ మేమూ చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి