స్పానిష్ పరీక్షల్లో విడి ఖాళీలు

సంపాదకులకు,

అమెరికా హైస్కూళ్లలో మన పిల్లలు చాలామంది తీసుకునే స్పానిష్‌లో వ్యాకరణ పరీక్ష తరచూ ఖాళీలు పూరించడంతోనే సరి. ఖాళీ పక్కనే 'అబ్లార్' (మాట్లాడడం) అని క్రియ మూలరూపం ఇచ్చి, వాక్యంలో 'నిన్న' అనే మాట ఉంచితే, అర్థం పట్టకపోయినా బట్టీపట్టిన రూపం రాసేయవచ్చు. అసలు చిక్కంతా ముగిసిన పనికీ, గతంలో అలవాటుగా సాగిన పనికీ వేర్వేరు రూపాలు ఎంచుకోవడంలో ఉంది. 'ఆడాను', 'ఆడేవాణ్ణి' అనే తేడా ఇంట్లో వినే మన పిల్లలకు ఇది మరీ కొత్తేమీ కాదు. రెండు రూపాలూ పొసగే విడి వాక్యంలో ఒక్కదానికే మార్కు వేయడం మాత్రం అన్యాయం. 1953లో విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు పాఠ్యం సుబోధకతను కొలవడానికి ప్రతిపాదించిన క్లోజ్ పద్ధతిలోలాగా, పూర్తి పేరాలోనే ఖాళీలిచ్చి, ఆ రూపమే ఎందుకో ఒక వాక్యంలో రాయించాలని ఉపాధ్యాయులకు మనవి. దిద్దడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, నిజమే.

– ఒక విద్యార్థి తండ్రి, టెక్సస్