పదిమందిలో ఒకడు

తణుకు,
ఆదివారం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. "ఖాతాల్లో అన్ని డబ్బులు వేశారు, 151 సీట్ల వైసీపీ వాళ్ళు ఐదేళ్ళకే 11కి పడిపోవడమేమిటి నాన్నా, జనానికి విశ్వాసం లేదా?" అన్నావు. సైకాలజీ చదివేది నువ్వు, అడిగేది నన్ను! సరే, ఎలక్షన్ డ్యూటీలు చేసి చేసి అరిగిపోయిన మాస్టారిని కదా, తోచింది రాస్తున్నా.

ముందు సీట్లు పక్కన పెట్టి ఓట్లు చూడు. 2019లో ఆ పార్టీకి నూటికి దాదాపు 50, 2024లో 39 పైచిలుకు. అంటే టీకొట్టు దగ్గర పదిమంది కూర్చుంటే, అప్పటి ఐదుగురు ఇప్పుడు నలుగురయ్యారు. ఊరంతా మొహం తిప్పుకోలేదు, ఒకడు లేచి అవతలి బెంచీ మీద కూర్చున్నాడు. అవతలివాళ్ళు, అంటే టీడీపీ, జనసేన, బీజేపీ, ఈసారి విడివిడిగా కాక కలిసి పోటీ చేశారు కాబట్టి ఆ ఒక్కడికే అంత బరువొచ్చింది. మనకి కావలసింది వాడి మనసు.

వాడికి డబ్బు అందే ఉంటుంది. కానీ ఇచ్చింది ఏడాది తిరిగేసరికి జీతమైపోతుంది. జీతం ఇచ్చారని ఎవరైనా దండం పెడతారా? నాయనమ్మ పెన్షన్ 2014లో 200 నుంచి 1000 అయింది, 2019 మొదట్లో 2000 అయింది. పెంచిన టీడీపీ ప్రభుత్వం ఆ ఏడాదే 23 సీట్లకి దిగిపోయింది. అంతెందుకు, రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చిన ఎన్టీఆర్‌ని 1989లో ఇంటికి పంపారు. ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడారు, హిందూపురం ఉంది కాబట్టి అసెంబ్లీకి వెళ్ళారు.

కోపం మాత్రం అలా అలవాటైపోదు, పోగవుతుంది. వంద వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ పెద్దదని 1979లో కానమన్, ట్వర్స్కీ రాసింది నీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. ఇసుక దొరక్క పనిపోయిన తాపీమేస్త్రీ ఒకడు, పీఆర్సీ, అంటే జీతాల సవరణ దగ్గర అలిగిన ఉద్యోగి ఒకడు. వీళ్ళకి ఒకరితో ఒకరికి పనిలేదు, పోలింగ్ రోజున మాత్రం ఒకే గుర్తు మీద నొక్కుతారు. ప్రతిపక్షం సుఖమంతా ఇక్కడే. కుర్చీలో లేనివాడికి ఎవరితోనూ "కుదరదు" అనే పనే పడదు.

అన్నిటికంటే లోతుగా దిగేది మనల్ని చిన్నబుచ్చారు అనిపించడం. తాతల నాటి పొలం పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ ఎందుకని గొణిగిన రైతుకి పైసా నష్టం లేదు, అయినా గుచ్చుకుంది. 2019కి ముందు పథకాలకి పేర్లు రాసే జన్మభూమి కమిటీల చుట్టూ తిరిగినవాళ్ళ దగ్గరా ఇదే గొణుగుడు విన్నాను. 1983 సంగతి ఇంకా స్పష్టం. కాంగ్రెస్ ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది, బేగంపేట విమానాశ్రయంలో వాళ్ళలో ఒకరైన అంజయ్యగారిని రాజీవ్ గాంధీ చిన్నబుచ్చారు. అంజయ్యగారికి ఓటెయ్యనివాళ్ళు కూడా అది తమకే జరిగినట్టు బాధపడ్డారు. ఎన్టీఆర్ ఆత్మగౌరవం అనగానే జనం కదిలారంటే, ఆ మాట కోసం అప్పటికే కాచుకుని ఉన్నారు.

మన వీధి చోటా నాయకుడొకడు గెలవకముందు సైకిల్ దిగి మరీ పలకరించేవాడు. గెలిచాక కారద్దం కూడా దించలేదు. ఏ పార్టీయో రాయను, రెండింట్లోనూ ఉన్నాడు.

నాయనమ్మ కబురు. 2024 జులై ఒకటిన పాత బకాయితో కలిపి పెన్షన్ ఏడు వేలు వస్తే రెండుసార్లు లెక్కపెట్టుకుని, పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది. మొన్న ఒకటో తారీఖున నాలుగు వేలు అందుకుని, లెక్కయినా పెట్టకుండా పోపుల డబ్బాలో వేసి, "వీధి లైటు వేయించమని చెప్పి ఎన్నాళ్ళయింది?" అంది.

ఇట్లు,
మీ నాన్న