కొండెక్కే బండ్ల ముందు చక్రాలు ఎవరు చూస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను తిరుపతిలో పద్నాలుగేళ్లుగా టాక్సీ తోలుతున్నా, సొంత బండే, ఏడు సీట్లది. రైల్వే స్టేషన్ దగ్గర, రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గర భక్తుల్ని ఎక్కించుకుని కొండకి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తిప్పుతుంటా. ఘాట్ రోడ్డులో యాక్సిడెంట్ అయిందని పేపర్లో వచ్చినప్పుడల్లా చివర్లో అతివేగం అనో బ్రేకులు ఫెయిల్ అనో ఉంటుంది. అవీ నిజమే కావచ్చు, కానీ స్టీరింగ్ గురించి, దాని కింద ఉండే జాయింట్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అందుకే ఈ ఉత్తరం.

పోయిన వైకుంఠ ఏకాదశికి ముందు నా బండికి ఎడమ పక్క ముందు చక్రం దగ్గర్నించి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు టక్‌మని సౌండ్ రావడం మొదలైంది, స్టీరింగ్ కాస్త వదిలితే ఎడమకి లాగుతోంది. సీజన్ కదా, ఒక్కరోజు బండి ఆపినా కష్టమే, దార్లో కనిపించిన షాపులో చూపించా. వాళ్లు బండి కిందకి దూరనే లేదు, అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా నిలబడే కోణాలు) పోయిందన్నా అని మిషన్ మీద ఎక్కించి సెట్ చేసి కంప్యూటర్ కాయితం చేతిలో పెట్టారు, అందులో అన్నీ పచ్చ రంగులోనే ఉన్నాయి, నేనూ నమ్మేశా. ఒక వారం బాగానే ఉంది. తర్వాత మళ్లీ టక్‌టక్, టైరు లోపలి అంచు చేత్తో తడిమితే రంపం పళ్లలా తగులుతోంది.

ఆ తర్వాత ఒకరోజు ఒక ఫ్యామిలీని దించుకొస్తున్నా. దిగే రోడ్డంటే తెలుసు కదా, 1944లో వేసిన పాత ఘాటు, ఒక హెయిర్‌పిన్ అయిందనుకునే లోపు ఇంకొకటి. అక్కగార్ల గుడి దాటినాక ఒక మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మళ్లీ వెనక్కి తెస్తుంటే చేతిలో ఏదో జారినట్టు తెలిసింది, నేను తిప్పాక అర క్షణం ఆగి తిరిగింది బండి. వెనక సీట్లో ఒక అవ్వ మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది. అక్కడే ఆపేసి వేరే బండి పిలిపించాల్సింది, ఆపలేదు, అది నా తప్పే. రెండో గేర్‌లో పాక్కుంటూ దిగి అలిపిరి చేరేసరికి నా చొక్కా తడిసిపోయింది.

మరుసటి రోజు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి పోయినా, పాత జీపులకి కింగ్ పిన్లు మార్చే కాలం నుంచి ఇదే పని చేస్తున్న మనిషి. ఆయన జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు, కొంచెం ఆట, అంటే లూజు, ఉంది. అడ్డంగా అటూ ఇటూ పట్టుకుని ఊపాడు, ఇంకా ఎక్కువ ఆట. "ఏం నాయనా, ఈ బండితోనే కొండకి పోయొచ్చినావా" అన్నాడు. నన్ను కిందకి రమ్మని టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీ చివర, గిన్నెలో గుండు తిరిగే జాయింటు) మీద నా వేలు పెట్టించి, పిల్లోడితో చక్రం ఊపించాడు. లోపల గుండు కొట్టుకోవడం వేలికి తెలుస్తోంది. దాని రబ్బరు టోపీ పక్కన చీలిపోయింది, అందులో గ్రీజు ఉండాల్సిన చోట తుప్పు రంగు ముద్ద, వేళ్ల మధ్య రాస్తే ఇసుకలా గరగర. ఇంకోటి కూడా చూపించాడు, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నట్టు ఊడకుండా వేయాల్సిన స్ప్లిట్ పిన్ అక్కడ లేదు, దాని బదులు ఎవరో బైండింగ్ వైరు ముక్క దూర్చి మెలిపెట్టేశారు. ఆ నట్టు ఊడితే చక్రానికీ స్టీరింగ్‌కీ సంబంధం తెగిపోయినట్టే.

నాకు అర్థమైంది ఏందంటే అంతా మొదలయ్యేది ఆ టోపీ దగ్గరే. మన ఎండకి రబ్బరు ఎండి చీలుతుంది, చీలిక నుంచి గ్రీజు బయటికి పోతుంది, నీళ్లు దుమ్ము లోపలికి పోతాయి, ఇక గుండూ గిన్నే ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. అలైన్‌మెంట్ చేయొద్దని నేననడం లేదు, అది తప్పకుండా చేయాలి, కానీ జాయింట్లూ బుష్‌లూ (అతుకుల్లో వేసే రబ్బరు గొట్టాలు) మార్చాక చివర్న చేయాల్సిన పని, కీలు ఊగే తలుపుకి గడియ సరిచేస్తే పడుతుందా చెప్పండి. షాపులకి నా మనవి ఒకటే, మిషన్ మీద ఎక్కించే ముందు చక్రం లేపి ఒకసారి ఊపి చూడండి, రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇంకొక విషయం, ఇది ఆ పెద్దాయనే చెప్పినాడు, చాలామంది మెకానిక్‌లకే తెలీదు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి లాంటి ఇనుప ముక్క) బుష్‌లు మార్చేటప్పుడు బండి గాల్లో ఉండగానే బోల్టులు ఫుల్ టైట్ చేసేస్తారు. అప్పుడు చక్రాలు కిందికి వేలాడుతుంటాయి కదా, బండి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, బుష్ రబ్బరు మాత్రం మెలి తిరిగినట్టే ఉండిపోయి కొన్ని నెలలకే చీలుతుంది, డ్రైవరేమో డూప్లికేట్ మాలు వేశాడని తిట్టుకుంటాడు. బోల్టు ఊరికే పట్టేలా బిగించి, బండి నేల మీదికి దించి బరువు పడ్డాక ఫుల్ టైట్ చేయాలంట. షాకబ్జర్లు కూడా ఒక పక్కది కారితే రెండు పక్కలా కలిపే మార్చాలి.

రూల్ లేక కాదు సార్. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 98వ రూలు ఉంది, స్టీరింగ్ ఆట 30 డిగ్రీలు దాటకూడదు, స్టీరింగ్ బాల్ జాయింట్లకి రబ్బరు టోపీలు ఉండాలి, బోల్టులు పిన్నులు ఊడకుండా లాక్ చేసి ఉండాలి అని అందులోనే రాసుంది. కానీ టాక్సీకి ఎనిమిదేళ్ల దాకా ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌గా ఉందని ఇచ్చే సర్టిఫికెట్, రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. నా బండి రెండేళ్లలో లక్ష కిలోమీటర్లు దాటేస్తుంది, అందులో సగం ఘాటే, ఈ మధ్యలో ఆ టోపీ ఎప్పుడు చీలిందో ఎవరు చూస్తారు? సొంత కార్లకైతే పదిహేనేళ్ల దాకా ఆ ఎఫ్‌సీ కూడా లేదు, బయటి ఊర్ల నుంచి నిండా జనంతో, నెత్తిన సామానుతో వచ్చి నేరుగా కొండెక్కేస్తారు.

అలిపిరిలో ప్రతి బండీ ఆపి సామాన్లు చెక్ చేస్తారు, అది మన మంచికే. అక్కడ ప్రతి బండికీ జాకీ పెట్టమని నేనడగడం లేదు, అలా చేస్తే లైను కపిలతీర్థం దాకా వస్తుంది. టీటీడీ గానీ రవాణా శాఖ గానీ చెకింగ్ లైనుకి ముందు, పార్కింగ్ పక్కన బండి ఎక్కించి కింద చూసుకోడానికి ఒక ర్యాంప్ కట్టించి ఒక మెకానిక్‌ని పెడితే చాలు. అద్దె బండ్లన్నీ నెలకోసారి అక్కడ చూపించి చిన్న స్టిక్కర్ వేయించుకోవాలని పెట్టండి, దానికి ఫీజు పెట్టినా మేం కడతాం, ఒక టైరు ఖర్చులో అదెంత. మీ పేపర్లో రెండుసార్లు వస్తే అధికారులు కదులుతారని నా నమ్మకం. ర్యాంప్ కింద లైట్లు మాత్రం మర్చిపోవద్దని రాయండి, మాలో చాలామంది కొండెక్కేది తెల్లారకముందే.

ఇట్లు,
ఒక టాక్సీ డ్రైవర్, తిరుపతి