వార్షిక నివేదిక: మంగళవారాల క్షవరం ప్రాక్టీసు, మన చదువు, మిగిలిపోయిన పనులు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలన్నది మన నిబంధన. నిబంధన లేకపోయినా ఈసారి రాసేదాన్నే, ఎందుకంటే విజయవాడలోనూ గుంటూరులోనూ కొద్దిమంది సభ్యులు ఏడాది పొడవునా పడిన కష్టం మిగతావాళ్లకు తెలియాలి. ఆటిజం ఉన్న పిల్లలకు ఏబీఏతో, అంటే ప్రవర్తనను గమనించి చిన్న చిన్న మెట్లలో నేర్పే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్‌తో, పనిచేసే మనం సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు, నేరుగా విషయానికి వస్తాను.

నెలనెలా రెండో శనివారం మన రంగంలోని వ్యాసాలు కలిసి చదివే చదువు ఈ ఏడాది కూడా మొగల్రాజపురంలో ఒక సభ్యురాలి ఇంటి మేడమీదే సాగింది. 1968లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ మొదలైనప్పుడు బేర్, వోల్ఫ్, రిస్లీ అనే పరిశోధకులు రాసిన వ్యాసంతో మొదలుపెట్టాం. ఏబీఏ అనిపించుకోవాలంటే పనికి ఉండాల్సిన ఏడు లక్షణాలు అందులో ఉన్నాయి, మనలో చాలామందికి అవి పరీక్ష కోసం బట్టీ పట్టిన జాబితాగానే తెలుసు. మొదటి లక్షణం దగ్గరే చర్చ ఆగిపోయింది: ఏ ప్రవర్తన మీద పనిచేస్తున్నామో అది ఆ మనిషికి, ఆ ఇంటికి నిజంగా అవసరమైనది అయ్యుండాలి. అప్పుడు ఒక తల్లి అడిగింది, "మేడమ్, మా వాడికి రంగులు, ఆకారాలు ఎన్నాళ్లనుంచో నేర్పిస్తున్నారు, సంతోషమే. కానీ వాడికి క్షవరం చేయించడం మావల్ల కావట్లేదు. అదెవరు నేర్పిస్తారు?" ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని ఆ ప్రశ్నలోంచే వచ్చింది.

క్షవరం మన పిల్లలకు ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకు తెలియదు. ట్రిమ్మర్ మోత, మెడమీద పడే వెంట్రుకలు, ముఖాన కొట్టే నీళ్ల స్ప్రే, తలమీద కొత్తమనిషి చెయ్యి, అన్నీ ఒకేసారి మీదపడతాయి. చాలా ఇళ్లలో పిల్లవాడు నిద్రపోయాక తండ్రి సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని కత్తెరతో కత్తిరిస్తాడు. కొందరిని షాపులో నలుగురు పట్టుకుని కూర్చోబెడతారు, ఆ తర్వాత ఆ వీధి మలుపు కనిపిస్తే చాలు వాడు అరుస్తాడు. అది మొండితనం కాదు. పట్టుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త గట్టిపడుతుంది, అరిస్తే గానీ వదలరని వాడు నేర్చుకుంటాడు.

థెరపీ సెంటర్లో ఉత్తుత్తి కుర్చీ వేసి నేర్పిస్తే అది సెంటర్ వరకే పనికొస్తుంది, షాపులో అడుగుపెట్టగానే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే నిజమైన షాపులోనే చేయాలనుకున్నాం. సత్యనారాయణపురంలో ఒకరు, పటమటలో ఒకరు షాపు ఇస్తామన్నారు, వాళ్లకు సెలవు మంగళవారం కాబట్టి ఆ రోజే ఇవ్వగలమన్నారు. వెంటనే ఇళ్లలో నానమ్మలు, అమ్మమ్మలు అడ్డం తిరిగారు, మంగళవారం పూట పిల్లాడి తలమీద కత్తెర పెట్టడమేమిటని. వాళ్లతో వాదనకు దిగలేదు. మంగళవారం ప్రాక్టీసు మాత్రమే, ఒక్క వెంట్రుక కూడా తెగదు, తయారైన పిల్లలకు బుధవారం పొద్దున్నే జనం రాకముందు క్షవరం అని చెప్పాం. నిజానికి పిల్లలకు మంచి జరిగింది ఆ పెద్దవాళ్ల వల్లే. ఈరోజే అయిపోవాలన్న టెన్షన్ తల్లిదండ్రులకూ లేదు, మనవాళ్లకూ లేదు.

మార్చిలో మొదలుపెట్టి, జూన్‌లో బడులు తెరిచేదాకా చేశాం. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాం: గుమ్మం దగ్గర నిలబడటం, కుర్చీలో కూర్చోవడం, మెడకు గుడ్డ, దువ్వెన, గాలిలో కత్తెర చప్పుడు, ఆఫ్‌లో ఉన్న ట్రిమ్మర్ చేత్తో పట్టుకోవడం, దూరంగా ఆన్ చేయడం, దగ్గరికి తేవడం, చివరికి మెడకు తాకించడం. ఏ పిల్లవాడు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో వాడినిబట్టే. ప్రతి ఒక్కరి చేతిలో "చాలు" కార్డు ఉంది, మాటలు రానివాళ్లకు కూడా. అది చూపిస్తే ఆపేయాలి, ఇంకొక్కసారి అని బతిమాలకూడదు. ఈ నియమానికి మొదట్లో కొందరు తండ్రులు ఒప్పుకోలేదు, కార్డు ఇస్తే ఎప్పుడూ అదే చూపిస్తాడుగా అన్నారు. మొదటి వారం చూపించారు కూడా. అరవకుండా, కొట్టకుండా చెప్పినా మాట చెల్లుతుందని తెలిశాక కార్డు వాడకం తగ్గింది. మన డేటా షీట్లు చూడండి, నా మాట నమ్మక్కర్లేదు. గోల చేసి తప్పించుకునే పిల్లలకు అదే పని చేసిపెట్టే మాటో సైగో నేర్పిస్తే గోల తగ్గుతుందని కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు 1985లోనే చూపించారు. మనం చదివిన వ్యాసం పటమట షాపులో కళ్లముందు కనిపించింది.

పదేళ్లుగా నిద్రలోనే జుట్టు కత్తిరించాల్సి వచ్చిన ఒక బాబు జూన్ మొదటి బుధవారం మెలకువగా, అద్దంలో తనను తాను చూసుకుంటూ పూర్తి క్షవరం చేయించుకున్నాడు. వాళ్ల నాన్న బయటికెళ్లి ఏడ్చి వచ్చారు. ఇంకో ఇంట్లో పుట్టువెంట్రుకల మొక్కు ఏళ్లతరబడి అలాగే ఉండిపోయింది, ఆ పాప ఇంద్రకీలాద్రి మీద తలనీలాలు ఇచ్చి వచ్చింది, వాళ్లు పంచిన ప్రసాదం మీలో కొందరు తిన్నారు. అందరికీ పూర్తి కాలేదు. ఒక పిల్లవాడు ఇప్పటికీ మెడకు గుడ్డ దగ్గరే ఉన్నాడు, వాడి మీద ఎవరూ ఒత్తిడి పెట్టడం లేదు.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్లు చాలామంది. సెలవు రోజు షాపు తెరవడమే కాకుండా, మూడో వారానికల్లా తామే "బాబూ, దువ్వెన పెట్టనా?" అని పిల్లవాణ్ణి అడిగి చెయ్యి వేసిన ఆ ఇద్దరు బార్బర్ సోదరులకు మొదటి దండం. డబ్బు తీసుకోకుండా కార్డులు లామినేషన్ చేసిచ్చిన గవర్నర్‌పేట జిరాక్స్ షాపు అతనికి, మే ఎండలో మజ్జిగ మోసుకొచ్చిన తల్లులకు, గుంటూరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ఇద్దరు స్పెషల్ ఎడ్యుకేటర్లకు, డేటా రాసిన సైకాలజీ విద్యార్థులకు, తగాదా పెట్టుకుని కూడా పిల్లల్ని పంపిన నానమ్మలకు, అమ్మమ్మలకు సంఘం రుణపడి ఉంది.

ఇక మన వృత్తి సంగతి. అమెరికాలోని సర్టిఫికేషన్ బోర్డు, బీఏసీబీ, మన దేశం నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2023 జనవరి నుంచి ఆపేసింది. అంతకుముందు బీసీబీఏ, అంటే ఆ బోర్డు గుర్తించిన బిహేవియర్ అనలిస్టు, అయినవాళ్లు మన రెండు ఊళ్లలో వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. ఇక్కడ చూస్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టరులో స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు ఉన్నారు గానీ బిహేవియర్ అనలిస్టు అనే విభాగమే లేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం కేంద్రం 2021లో తెచ్చిన చట్టం షెడ్యూల్లో మాత్రం బిహేవియరల్ అనలిస్టు పేరు ఉంది. దాని కింద మనవాళ్ల రిజిస్ట్రేషన్ ఎలా అని అడుగుతూ సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాం, మళ్లీ గుర్తుచేశాం, స్వయంగా వెళ్లి కలిశాం. రసీదు నంబరు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం సభకు తప్పకుండా వస్తానన్న అధికారి కోసం పిల్లల్ని గంటన్నర కూర్చోబెట్టాల్సి వచ్చింది, ఆయన రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. ఇకమీదట ఏ సభా ఎవరి కోసమూ ఆగదని కార్యవర్గం తీర్మానించింది.

అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఊళ్లో ఫ్లెక్సీలు చూస్తే తెలుస్తుంది. కొన్ని నెలల్లో ఆటిజం నయం, గ్యారంటీ అని రాసి ఏబీఏ పేరు వాడుకుంటున్నారు. అడిగితే అమెరికా మనస్తత్వవేత్త లోవాస్ 1987 నాటి అధ్యయనం చూపిస్తారు. అందులో వారానికి 40 గంటలకు పైగా శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు తరగతిలో నెగ్గుకొచ్చారన్నది నిజమే, కానీ పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా పంచలేదు, గట్టిగా కసరడం, తొడమీద కొట్టడం కూడా ఆ పద్ధతిలో ఉన్నాయి. ఈ సగం ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు ఇలాంటి శిక్షణ పొంది పెద్దవాళ్లైన ఆటిజం వ్యక్తులు ఎంత బాధ పడ్డారో చెబుతున్నారు, అది మనం వినాలి. ప్రవర్తన మార్చడానికి కరెంటు షాకు వాడటాన్ని ఏ పరిస్థితిలోనైనా వ్యతిరేకిస్తామని మన రంగపు అంతర్జాతీయ సంఘం 2022లో ప్రకటించింది, అప్పటిదాకా ఆలస్యం చేయడమే నా దృష్టిలో తలదించుకోవాల్సిన విషయం. మన సంఘంలో ఉన్నవాళ్లెవరూ నయం చేస్తామని రాయకూడదు, పిల్లల్ని కొట్టకూడదు, తల్లిదండ్రులకు డేటా చూపించకుండా సెషన్లు సాగదీయకూడదు. ఇది ఈ ఏడాది మనమే రాసుకున్న నియమావళి. సంతకం పెట్టనివాళ్లు ఇంకా ఉన్నారు, సభ రోజున పెట్టండి.

కేంద్ర ప్రభుత్వపు నిరామయ ఆరోగ్య బీమా, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ, పింఛను దరఖాస్తులు నింపిపెట్టే పని ప్రతి నెలా జరిగింది. లక్ష రూపాయల దాకా కవరేజీ ఉన్న నిరామయ గురించి ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు, తెలిసినవాళ్లు పక్కింటికి చెప్పండి.

లెక్కలు కోశాధికారి విడిగా ఇస్తున్నారు, ఆడిటర్ సంతకం అయింది. చందా బాకీ ఉన్నవాళ్లు సభ జరిగేలోపు కట్టేయండి.

చివరిగా ఒక మాట, కోపంగానే రాస్తున్నాను. వాట్సాప్‌లో మంగళవారాలకు వస్తామని చేతులెత్తినవాళ్లలో సగానికి పైగా రాలేదు. ఒక్క మనిషి రాకపోతే ఒక పిల్లవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, వాళ్లమ్మ సెలవు పెట్టుకుని ఊరికే వచ్చి వెళుతుంది. రాలేకపోతే ముందురోజు చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు. చెప్పకుండా మానేయడం మాత్రం ఇక కుదరదు.

వచ్చే ఏడాది పళ్ల డాక్టరు కుర్చీ, రక్తపరీక్ష సూది మీద పనిచేద్దామనుకుంటున్నాం. గుంటూరు బ్రాడీపేటలో ఒక డెంటిస్టు సెలవు రోజున క్లినిక్ ఇస్తానన్నారు. దానికి గుంటూరువైపు నుంచి నలుగురు, పటమట షాపు దగ్గర ఉదయం ఏడింటికి ఉండేందుకు ఇద్దరు కావాలి. నిజంగా రాగలిగినవాళ్లే సభలో పేరు ఇవ్వండి.

కార్యదర్శి